ఒక పాసు, రెండు సగాలు

అద్దె గది, మూడో అంతస్తు
మార్చి 6

వదినా,

చేరాను. దారిలో నా పక్క సీటు ఖాళీగానే వచ్చింది. నీ మోకాళ్ళని తిట్టుకుంటూ ఆ సీట్లో నా సంచీ పెట్టుకున్నాను. ఇన్నేళ్ళుగా అనుకుని, అనుకుని, ఇద్దరికీ వీసాలు కొట్టించుకున్నాక, తీరా బయల్దేరే వారం ముందు నీకు మోకాళ్ళ నొప్పులు రావాలా? నీ టికెట్ మాత్రం రద్దు చేయించలేదు. తేదీ వేయకుండా వాయిదా వేయించానంతే. నొప్పి తగ్గితే ఎక్కి వచ్చెయ్.

ఫోన్ వద్దు, ఉత్తరాలే రాయమన్నావు కాబట్టి రాస్తున్నాను. నిజమేలే, ఫోన్లో ఆట చెబితే ఏం రుచి?

నాటకశాల మన వంటింటి గోడ మీద ఫొటోలో ఉన్నట్టే ఉంది. అన్నయ్య ప్రెస్సులో చిత్తుకాగితాల్లోంచి తెచ్చిన ఆ పాత పత్రిక పేజీ గుర్తుంది కదా, ఎర్రతెర, బాల్కనీలూ? తెర ఇప్పుడు కాస్త వెలిసింది. మన ఫొటో కూడా వెలిసిందిగా, సరిపోయింది.

పదహారు చీటీల పుస్తకం కొన్నాను. చీటీ చింపి ఇస్తే ఒక ఆట. పుస్తకం మీద పేరూ ఊరూ ఉండవు. సీజన్‌లో ఇరవై నాలుగు ఆటలు తిప్పి తిప్పి వేస్తారట. వాటిలో పదహారు ఎంచుకోవడమంటే నా తల ప్రాణం తోకకొచ్చింది. నా గది ఇంటావిడ ఆ నాటకశాలలోనే ముప్పై ఏళ్ళు టికెట్లు అమ్మిన మనిషి. నాకొచ్చిన నాలుగు ముక్కల్లో అడిగితే ఆవిడ చేతులు తిప్పుతూ చెప్పింది: "బస్సుల్లో జనాన్ని తెచ్చి దింపే ఆటకి పోకు. చుట్టుపక్కల వాళ్ళు పని బట్టలతోనే వచ్చి కూర్చునే ఆట చూడు." ఆ లెక్కన మొదటిది ఎంచాను. ఒక పడవవాడు పెళ్ళికూతుర్ని ఏరు దాటించే కథ. మాటలు తక్కువ, ఆటపాట ఎక్కువ. నది అంటే రెండు నీలం గుడ్డలు, అటో మనిషి ఇటో మనిషి పట్టుకుని ఊపుతారు. అంతే వదినా, నా కాళ్ళు తడిసినట్టే అనిపించింది. నడి ఏట్లో తాడు తెగింది. గంట కొట్టారు, ఇంటర్వెల్.

ఇప్పుడు చెప్పేది విని నవ్వకు. గంట వినగానే నేను లేచి, సంచీ భుజాన వేసుకుని, గబగబా గేటు దగ్గరికి వెళ్ళి నిలబడ్డాను. కుడిచేయి చాపి. నువ్వు పరిగెత్తుకుంటూ వస్తావు, నీకు పాస్ ఇస్తే నువ్వు నాకు ఇంటి తాళంచెవి ఇస్తావు, నేను ఇంటికి పోయి అమ్మ దగ్గర కూర్చుంటాను. ఇరవై రెండేళ్ళు చేసిన పని. అమ్మ పోయి పన్నెండేళ్ళయింది. అయినా నా కాళ్ళకి ఎవరూ చెప్పలేదు!

గేటతను, తెల్లమీసాల పెద్దమనిషి, "ఎవరికోసం?" అన్నట్టు కనుబొమలు ఎగరేశాడు. ఏం చెప్పను? "మా వదిన వస్తుంది" అన్నాను మన భాషలోనే. ఆయన తలూపి కుర్చీ వేశాడు. సిగ్గేసి మళ్ళీ లోపలికి పోలేదు, గదికి వచ్చేశాను. కాబట్టి రెండో సగం నాకు తెలీదు. నీ వంతు. తాడు తెగాక ఏమైందో నువ్వే రాయి.

ఆటల జాబితా మన భాషలో రాసి ఇందులో పెట్టాను, నీకు నచ్చినవాటికి టిక్కు పెట్టి పంపు. అన్నయ్యని రెండు ముక్కలు రాయమను.

నీ
ఆడపడుచు

ఇల్లు, వీధి గది
మార్చి 18

ఆడపడుచు గారికి,

నీ ఉత్తరం చదివి కడుపుబ్బ నవ్వాను. తర్వాత కాసేపు నవ్వలేదనుకో.

ఎంత గమ్మత్తు రోజులమ్మడూ అవి. మీ అన్నయ్య ప్రెస్సులో నాటకాల కరపత్రాలు వేసినందుకు హాలు వాళ్ళు ఇచ్చేది ఒక్కటంటే ఒక్కటే పాస్. ఇంట్లో మంచం దిగలేని అత్తయ్య. నువ్వు ఆఫీసులో టైపు కొట్టి కొట్టి, వేళ్ళు విరుచుకుంటూ అటునుంచి అటే హాలుకి. నేను అత్తయ్యకి తినిపించి, మందులిచ్చి, ఇంటికి తాళం వేసి, ఇంటర్వెల్‌కి పరుగు. నీకు మొదళ్ళు, నాకు చివర్లు. మర్నాడు అంట్లు తోముతూ నువ్వు మొదలు చెప్పేదానివి, నేను తుది చెప్పేదాన్ని. ఎవరి పెళ్ళి ఎందుకు చెడిందో తెలీకుండా నేను ఏడ్చేదాన్ని, ఆ పెళ్ళి చివరికి కుదిరిందని తెలీక నువ్వు ఏడ్చేదానివి. మొత్తం ఆటలన్నీ అచ్చేసిన మనిషి మాత్రం ఒక్కటీ చూడలేదు, ప్రూఫులు దిద్దుకుంటూ కూర్చునేవారు. ఒక్క ఆటైనా పక్కపక్కన కూర్చుని మొదటి గంట నుంచి చివరి తెర దాకా చూడాలన్నది మన కోరిక. అది మోకాళ్ళ పాలైంది, ఏం చేస్తాం.

సరే, ముగింపు కావాలి కదూ. తాడు తెగింది. పడవవాడు బిక్కమొహం వేశాడు. పెళ్ళికూతురు లేచి, నగలన్నీ మూటగట్టి అతని నెత్తిన పెట్టి, తెడ్డు తను లాక్కుంది. "జరుగు, నీకు చేతకాదు" అంది. ఒడ్డు చేరేసరికి పెళ్ళివారు అలిగి వెళ్ళిపోయారు. "పోతే పోనీ, నాకు పడవ వచ్చేసింది" అని ఆ పిల్ల తిరిగి పడవెక్కింది. ఆ తర్వాత ఆ ఏటి మీద రెండు పడవలు నడిచాయి. తెర. ఎలా ఉంది?

నువ్వు పంపిన జాబితాలో టిక్కులు పెట్టాను, చూసుకో. తోలుబొమ్మలది తప్పకుండా చూడు. మనుషులు పాడుతూ పాడుతూ చచ్చిపోయేది కూడా. చచ్చిపోతూ అంత సేపు ఎలా పాడతారో నాకు తెలియాలి.

మీ అన్నయ్య బాగానే ఉన్నారు. రాస్తానన్నారు గానీ కళ్ళజోడు కనబడలేదు. నా మోకాళ్ళు అలాగే ఉన్నాయి.

నీ వదిన

అద్దె గది, మూడో అంతస్తు
ఏప్రిల్ 2

వదినా,

నీ టిక్కుల ప్రకారమే నడుస్తున్నాను. ఇంటావిడ నీ కాగితం చూసి, "ఈ గుర్తులు పెట్టినావిడకి ఆటలు తెలుసు" అంది. నా గురించి అలా ఎప్పుడూ అనలేదు. ఒళ్ళు మండింది.

ఐదు చీటీలు చింపాను. పాడుతూ చచ్చిపోయేవాడు సరిగ్గా ఇరవై ఆరు నిమిషాలు పాడాడు, ఇంటర్వెల్‌కి కూడా చావలేదు. తర్వాత పోయాడో లేదో నాకు తెలీదు. అవును, ఇంటర్వెల్‌కే లేచి వచ్చేస్తున్నాను. రెండోసారి కూర్చోవాలనే అనుకున్నాను, కాళ్ళు ఊరుకోలేదు. మూడోసారి నుంచి కావాలనే లేస్తున్నాను. మొత్తం చూసేస్తే నువ్వు రాయడానికి ఏముంటుంది? ఇంకో మాట కూడా ఉంది. చివరన అందరూ లేచి చప్పట్లు కొట్టి పక్కవాళ్ళతో మాట్లాడుకుంటారు వదినా. నా పక్కన ఎవరున్నారు?

గేటతను నన్ను చూడగానే కుర్చీ వేస్తున్నాడు. రోజూ అదే సైగ, "వచ్చిందా?" నేను "ఇంకా లేదు" అని చేయి తిప్పుతాను. రెండో గంట కొట్టేదాకా కూర్చుని వచ్చేస్తాను.

తోలుబొమ్మలాట చూశాను. ఒక ముసలి రాజు. నూరు తలుపుల కోట. తలుపులన్నిటి తాళాలూ రాణికిచ్చి, మారువేషంలో దేశం తిరిగి వస్తాడు. తీరా కోట గుమ్మం దగ్గరికొస్తే కాపలావాళ్ళు పోల్చుకోలేదు. "నేనే రాజుని" అంటాడు. "రోజుకి పదిమంది అంటారు పో" అంటారు. బొమ్మ మెడ వేలాడేసుకుని మెట్ల మీద కూర్చుంటుంది. వెనకనుంచి ఆడించేది ఒక కర్రముక్క, దారం. అయినా ఆ మెడ వాలిన తీరు చూస్తే గుండె పిండేసింది. గంట కొట్టారు.

తర్వాత ఏమైంది? త్వరగా రాయి. అన్నయ్యకి కళ్ళజోడు దొరికిందా? దిండు కింద చూడమను, అక్కడే పెడతాడు.

నీ ఆడపడుచు

ఇల్లు, వీధి గది
ఏప్రిల్ 14

అమ్మడూ,

తీరిక లేదు, చిన్నగానే రాస్తాను.

కాపలావాళ్ళ గొడవ విని రాణి కిందికి వచ్చింది. చూడగానే పోల్చుకుంది. పోల్చుకోకేం, ముప్పై ఎనిమిదేళ్ళ కాపురం. చేయి పట్టుకుని లోపలికి తెచ్చింది. అయితే కోటలోకి వచ్చాక రాజుకే అది తన కోటలా అనిపించలేదు. నడవలో నిలబడి, "నన్ను మా ఇంటికి తీసుకెళ్ళండి, చీకటి పడుతోంది" అన్నాడు. ఇదే మీ ఇల్లు అని రాణి ఎంత చెప్పినా వినడే. రాణికి కోపం వచ్చింది, ఏడుపూ వచ్చింది. చివరికి ఒకరోజు, "సరే పదండి" అని చేయి పట్టుకుని, ముందు గుమ్మంలోంచి బయటికి తీసుకెళ్ళి, వీధి చుట్టూ తిప్పి, మళ్ళీ అదే గుమ్మంలోకి తెచ్చి, "ఇదుగో వచ్చేశాం" అంది. రాజు ఎంత సంతోషించాడో! "అమ్మయ్య" అని కుర్చీలో కూర్చున్నాడు. అప్పటినుంచి రోజూ సాయంత్రం అదే పని. మధ్యలో ఒంటరిగా వెళ్ళిపోకుండా ఆయన చెప్పులు బియ్యం డబ్బా వెనక దాచింది. తలుపుకి చిన్న గంట కట్టింది. తెర.

ఈసారి ముగింపు అంత బాగా కుదరలేదు. నువ్వు మాత్రం మిగతా ఆటలు హాయిగా చూడు.

నీ వదిన

అద్దె గది, మూడో అంతస్తు
ఏప్రిల్ 25

వదినా,

రాజుగారి కోటలో బియ్యం డబ్బా ఎక్కడిది?

నీకు కథలు కల్పించడం ఏనాడూ రాలేదు. చూసిందే చెప్పేదానివి. అందుకే నీ రెండో సగాలంటే నాకు అంత నమ్మకం. ఇది కూడా చూసిందే చెప్పావు.

అప్పటికీ నేను నమ్మకపోదును. కవర్ తిప్పి చూశాను. నువ్వు అంటించాక, పోస్టులో వేసేలోపు అన్నయ్యకి దొరికినట్టుంది. వెనకవైపు అన్నయ్య చేతిరాత, ప్రెస్సులో అక్షరాలు కూర్చిన కంపోజిటర్ రాత, అక్షరానికీ అక్షరానికీ మధ్య కొలిచినట్టు జాగా: "చెల్లాయ్, ఆఫీసు అవగానే పెందరాళే ఇంటికి రా. అమ్మ అడుగుతోంది."

ఈ గది మెట్ల మీదే కూర్చుండిపోయాను. ఇంటావిడ వచ్చి నీళ్ళిచ్చింది.

మోకాళ్ళా? ఎంత పచ్చి అబద్ధం వదినా. ఫోన్ వద్దన్నది ఇందుకా, వెనక అన్నయ్య మాటలు నాకు వినబడతాయనా? ఎన్నాళ్ళ నుంచి? డాక్టర్ ఏమన్నాడు? నా అన్నయ్య కాదా? నాకు చెప్పడానికి నోరు రాలేదా? నేనిక్కడ పాడుతూ చచ్చేవాడి నిమిషాలు లెక్కపెడుతుంటే, నువ్వక్కడ ఒక్కదానివే వీధి చుట్టూ తిరుగుతున్నావా?

పోట్లాట ఇంటికొచ్చి ఆడతాను. ఇప్పుడు లెక్క విను. పుస్తకంలో పదహారు చీటీలు. ఎనిమిది చింపాను. ఎనిమిది ఉన్నాయి. ఇంటర్వెల్ అయింది. నీ వంతు. నేను వస్తున్నాను, నువ్వు బయల్దేరు.

నీ ఆడపడుచు

ఇల్లు, వీధి గది
మే 6

అమ్మాయ్,

రావద్దు. అసలు చెప్పనిది నువ్విలా లగెత్తుకొస్తావనే.

వీసాలు వచ్చిన రోజునే మొదలైంది. అంతకు ముందు ఏవో చిన్న చిన్న మరపులు, పట్టించుకోలేదు. ఆ రోజు నువ్వు బజారుకెళ్ళిన వేళ ప్రెస్సుకని బయల్దేరారు. ప్రెస్సు మూసేసి ఎన్నేళ్ళయింది? అక్కడ ఇప్పుడు మందుల షాపు ఉంది. కౌంటర్ మీద మాత్రల అట్టలు ప్రెస్సు గళ్ళపెట్టెలో సీసపు అక్షరాల్లా సర్దుతూ నిలబడ్డారట. పాలబూత్ అతను గుర్తుపట్టి ఇంటికి తీసుకొచ్చాడు. డాక్టర్‌కి చూపించాను. మందులతో కాస్త నెమ్మదిస్తుందే తప్ప వెనక్కి రాదన్నాడు. నీకు చెబితే ఆ క్షణమే వీసా చింపి పొయ్యిలో వేసేదానివి. అత్తయ్య మంచం పక్కన నీ వయసంతా కరిగిపోయింది. ఇప్పుడైనా వెళ్ళి చూసి రానీ అనుకున్నాను. తప్పు చేశానా? చేస్తే చేశాను.

నేను వెళ్ళను. భాష రాకపోవడమూ కాదు, భయమూ కాదు. నిజం చెప్పనా? ఇప్పటికి ఆయన నన్ను పోల్చుకుంటున్నారు. ఊరు మర్చిపోయారు, వారం మర్చిపోయారు, పొద్దున తిన్నది మధ్యాహ్నానికి మర్చిపోతున్నారు. నన్ను మాత్రం పేరుపెట్టి పిలుస్తున్నారు. కళ్ళ ముందు ఉన్నాను కాబట్టి పిలుస్తున్నారేమో. ఆరు వారాలు కనబడకుండా పోయి, తిరిగొచ్చి గుమ్మంలో నిలబడితే, "ఎవరమ్మా మీరు?" అంటే? ఆ మాట వినడానికి నేను ఏ ఎర్రతెరలూ చూడక్కర్లేదు. నాకొద్దు.

మిగిలిన చీటీలు ఇంటావిడకి ఇచ్చెయ్.

వదిన

అద్దె గది, మూడో అంతస్తు
మే 17

వదినా,

ఈ ఉత్తరం, నేను ఇంచుమించు ఒకేసారి చేరతాం. ముందు ఇది చేరితే తిట్లు సిద్ధం చేసుకో.

నీ భయానికి నా దగ్గర మందు లేదు. అన్నయ్య మర్చిపోడని నేను హామీ ఇవ్వలేను. కానీ ఒకటి చెప్పు. ఇరవై రెండేళ్ళలో ఒక్కరోజైనా నువ్వు ఇంటర్వెల్‌కి రాకుండా ఉన్నావా? వానలో తడిసి వచ్చావు, జ్వరంతో వచ్చావు. తాళంచెవి నా చేతిలో పెట్టేటప్పుడు ప్రతిసారీ ఒకే మాట, "అత్తయ్య నిద్రపోయింది, నువ్వు భయపడకు." నన్ను నమ్మి అత్తయ్యని వదిలి ఆటకెళ్ళావు. ఇప్పుడు అన్నయ్యని వదలడానికి నమ్మకం లేదా?

ఇంటావిడ నీ కోసం ఎదురొస్తుంది. చీటీల పుస్తకం ఆవిడ దగ్గర పెట్టాను. ఏ ఆటలు ఎంచుకోవాలో ఆవిడకి కాగితం రాసిచ్చాను. కొత్తవేమీ కాదు. నేను చూసిన ఎనిమిదే మళ్ళీ చూడు. మొదళ్ళు నేను రాశానుగా, తుదలు నువ్వు చూసి రాయి. ఈసారి కల్పించకు.

నీ ఆడపడుచు

అదే గది, మూడో అంతస్తు
జూన్ 12

అమ్మడూ,

తాళంచెవి పుచ్చుకుని నన్ను విమానం ఎక్కించేదాకా ఊరుకున్నావు కాదు, చేరాను. నీ పక్క మీదే పడుకున్నాను. దిండు కింద నీ తలపిన్ను దొరికింది.

మొదటి రోజు హాలుకి మొదటి గంటకే వెళ్ళానా, లోపలికి పోబుద్ధి కాలేదు. ఏదో నీ వంతు దొంగిలిస్తున్నట్టు ఉంది. ఎదురుగా బెంచీ మీద కూర్చున్నాను. ఇంటర్వెల్ గంట వినబడింది. అప్పుడు లేచి, అలవాటు చొప్పున గబగబా గేటు దగ్గరికి వెళ్ళాను. తెల్లమీసాలాయన నన్ను చూశాడు, నా చేతిలో సగం చిరిగిన పుస్తకం చూశాడు. తన కుర్చీలోంచి లేచి నిలబడి, పక్కనే నీకు వేసే ఖాళీ కుర్చీ వైపు చూపించి, నన్ను చూపించి, ఏదో అన్నాడు. తర్వాత ఇంటావిడ ఆయన్ని అడిగి సైగలతో చెప్పింది, "వచ్చావా! ఆవిడ ఎంతసేపు చూసిందో నీకోసం" అన్నాడట. చీటీ చింపకుండానే తలుపు తీశాడు. లోపల చీకట్లో సీటు వెతుక్కుంటూ ఏడ్చేశాను. నది గుడ్డలు కనబడలేదు.

నాలుగు చూశాను, అన్నీ ఇంటర్వెల్ నుంచే. పెళ్ళికూతురు తెడ్డు ముట్టుకోనైనా లేదు, పడవవాడే ఈదాడు. నా ముగింపే నయం. పాడేవాడు పోయాడు, ఇంకో పదిహేను నిమిషాలు పాడాక. ముసలి రాజు తుమ్మితే రాణి మేడ మీంచి పోల్చుకుంది. తుమ్ముకి! హాలంతా ఒకటే నవ్వు. నేనూ నవ్వాను, నవ్వుతుంటే మీ అన్నయ్య తుమ్ము గుర్తొచ్చింది, గిన్నెలు కదిలిపోయే తుమ్ము.

అమ్మడూ, నా కోసం అడుగుతున్నారా? నేను నీ దగ్గర దాచినట్టు నువ్వు నా దగ్గర దాచకు. మర్చిపోయుంటే మర్చిపోయారనే రాయి. తట్టుకుంటాను.

నీ వదిన

ఇల్లు, వీధి గది
జూన్ 24

వదినా,

దాచను. జరిగింది జరిగినట్టు రాస్తాను.

నువ్వు వెళ్ళిన మొదటి రెండు రోజులూ అన్నయ్య ఏమీ అడగలేదు. మూడో రోజు సాయంత్రం వీధి చుట్టూ తిప్పి తీసుకొచ్చాను. కుర్చీలో కూర్చుని ఇల్లంతా కలయజూసి, "మీ వదినేదే?" అన్నాడు. ఎక్కడికని చెప్పను? విమానమంటే, దేశమంటే కంగారు పడతాడు. నా నోటికి పాత మాటే వచ్చింది. "ఆటకెళ్ళింది అన్నయ్యా" అన్నాను.

అన్నయ్య గోడ గడియారం వైపు చూశాడు. మొహం ఎంత తేటపడిందో నువ్వు చూడాల్సింది. "ఓహో, రెండో సగమా? పాస్ తీసుకెళ్ళిందా?" అన్నాడు.

"తీసుకెళ్ళింది."

"తాళంచెవి నీకిచ్చిందా?"

"ఇచ్చింది" అని చూపించాను. నిజంగానే నువ్విచ్చిన చెవేగా.

"అయితే ఇంకేం, వచ్చేస్తుందిలే" అన్నాడు. వదినా, నీ పేరుతోనే అన్నాడు. ఇది నీ కోసం కల్పించింది కాదు.

మనం వెళ్ళిపోయాయనుకున్న ఆ రోజుల్లోనే అన్నయ్య ఉన్నాడు. ఆ రోజుల్లో నువ్వు సాయంత్రం ఇంట్లో లేకపోవడం మామూలే. పోయినా తిరిగొచ్చేదానివి. అందుకే బెంగ లేదు. రోజూ ఆ వేళకి అడుగుతాడు, రోజూ అదే చెబుతాను, రోజూ అంతే తేటపడతాడు. నిన్న కొత్తగా ఇంకో మాట అడిగాడు. "ఇన్ని కరపత్రాలు వేశాను గానీ ఒక్క కథా తెలీదే నాకు. మొదటి సగం నువ్వు చెప్పు. రెండోది మీ వదిన వచ్చాక చెబుతుంది." పడవవాడి కథ చెప్పాను. తాడు తెగేదాకా చెప్పి ఆపాను. "తర్వాత?" అన్నాడు. నాకు తెలీదన్నాను. పడవవాడే ఈదాడని నువ్వు రాశావు, అయినా చెప్పలేదు. అది నీ సగం. నువ్వు తెడ్డు కథ చెబుతావో, ఈత కథ చెబుతావో నీ ఇష్టం.

తర్వాత పడక వేళకి నేను తలుపు వెయ్యబోతే లేచి వచ్చి నా చేయి పట్టుకున్నాడు.

"గడియ వెయ్యకు, మీ వదిన ఇంకా ఆట నుంచి రాలేదు."

వెయ్యలేదు వదినా. తలుపు గంట మాత్రం ఉంచాను. మొదటి రోజుది చింపలేదుగా, ఐదు చీటీలు మిగిలాయి, తొందరపడి వచ్చెయ్యకు. వాటినైనా మొదటి గంట నుంచీ కూర్చుని చూడు.

నీ ఆడపడుచు